చెయ్యి కింద బొంత

కాశిబుగ్గలో వినోదను ఎరగని ఆడవాళ్ళు తక్కువ. జాకెట్లు కుట్టేది. పెళ్ళిళ్ళ కాలంలో ఆమె ఇంటి ముందు చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. ముందు గదిలో భర్త ఓంప్రకాశ్ జంపఖానాలు నేసే మగ్గం, వెనక గదిలో ఆమె కుట్టుమిషన్. ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఒకరి మాట ఒకరికి వినపడక, ఇద్దరికీ గొంతు పెంచి మాట్లాడటం అలవాటైపోయింది.

నలభై దాటాక ఆమెకు కాళ్ళు వాయడం మొదలైంది. రోజంతా మిషన్ తొక్కితే వాయవా అనుకుంది. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉండేది. నిద్ర ఎక్కువైందనుకుంది. బీపీ చాలా ఏళ్ళుగా ఉందనీ, అది లోపల్లోపలే కిడ్నీలను తినేసిందనీ డాక్టర్ చెప్పేనాటికి చేయడానికి ఏమీ మిగల్లేదు. రోజు విడిచి రోజు దవాఖానకు పోయి, పొద్దుటి పూటంతా డయాలసిస్ మిషన్ పక్కన పడుకోవాలి. బతికినంత కాలం.

ఓంప్రకాశ్ దవాఖాన మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. "ఊకో," అంది వినోద. "మిషన్ నాకేం కొత్త గాదు. ఇన్నేండ్లు నేను దాన్ని నడిపిన. ఇగ అది నన్ను నడుపుతది."

ఎడమ చేతిలో రక్తనాళాలను కలిపి కుట్టారు, సూదులు దిగడానికి వీలుగా. ఆ చేత్తో బరువెత్తొద్దన్నారు, గాజులు వేసుకోవద్దన్నారు, ఆ వైపు ఒత్తిగిలి పడుకోవద్దన్నారు. కొన్నాళ్ళకు మోచేతి దగ్గర నాళం తాడులా ఉబ్బింది. వేలు పెడితే లోపల ఏదో జుమ్మని కొట్టుకునేది. జాకెట్లు ఇచ్చేవాళ్ళు మెల్లగా తగ్గిపోయారు. రోగం ఉన్న ఇంటి నుంచి కొత్త బట్ట తెచ్చుకోవడానికి కొందరు జంకారు. ఆ మాట ఎవరూ అనలేదు. "నీకెందుకక్కా శ్రమ" అన్నారు, అంతే. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి గోడకు జరిపేశారు.

డయాలసిస్ వార్డులో ఆమె మంచం కిటికీ పక్కన. అటు పక్క మంచం సారయ్యది, ఆ పక్కది రజియాది. ముగ్గురిదీ పొద్దుటి వరుసే. ఏడాది పాటు పక్కపక్కన పడుకున్నవాళ్ళకు సోపతి కాక ఏమవుతుంది? ఒకరి సూది సరిగ్గా దిగకపోతే మిగతా ఇద్దరూ పళ్ళు బిగబట్టేవాళ్ళు. ఒకరికి బీపీ పడిపోతే మిగతా ఇద్దరూ సిస్టర్‌ను కేకేసేవాళ్ళు.

సారయ్యది వర్ధన్నపేట దగ్గరి పల్లె. అరవైకి దగ్గర పడ్డ మనిషి. కౌలుకు పత్తి వేసేవాడు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల అంగీ వేసుకుని, మణికట్టు దాకా గుండీ పెట్టుకుని వచ్చేవాడు. మంచం ఎక్కాకే ఆ చెయ్యి పైకి మడిచేవాడు. "ఏందన్నా, పెండ్లికొడుకు లెక్క వస్తవు?" అని రజియా ఏడిపించేది. రజియా హసన్‌పర్తి నుంచి వచ్చేది. ముగ్గురిలో చిన్నది ఆమే. పిల్లలకు అరబ్బీ చదువు చెప్పేది. భర్త అజహర్ బండ్లు బాగుచేసే షాపు తెరవకముందే ఆమెను దించి, మధ్యాహ్నం వచ్చి తీసుకుపోయేవాడు. ఓంప్రకాశ్ కూడా అంతే. సారయ్య వెంట మాత్రం ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. బస్సులో వచ్చి బస్సులోనే పోయేవాడు. మిషన్ దిగాక కళ్ళు తిరుగుతుంటే గోడ పట్టుకుని కాసేపు నిలబడేవాడు.

"మా వదినెను ఒక్కసారన్న తోల్కరావేందన్నా?" అని వినోద అడిగితే, "ఆమెకు పనులుండవా చెల్లే?" అని మాట మార్చేవాడు.

ముగ్గురికీ చలి ఒకటే బాధ. రక్తం బయటికి పోయి, గొట్టాల్లో తిరిగి, చల్లబడి ఒంట్లోకి వస్తుంది. దుప్పటి కప్పుకున్నా, సూదులున్న చెయ్యి బయటే ఉండాలి. వేళ్ళు మంచుగడ్డల్లా అయ్యేవి. మంచం అంచున ఇనుప పట్టీ మీద అన్ని గంటలు కదలకుండా ఆనించి ఉంచితే మోచెయ్యి సలిపేది. ఒకరోజు సారయ్య తువ్వాల చుట్టి మోచేతి కింద పెట్టుకున్నాడు. అది జారిపోతూనే ఉంది.

అది చూసి వినోదకు ఆలోచన వచ్చింది. అప్పుడు దసరా దగ్గర పడుతోంది. అంతకుముందు ప్రతి ఏడూ బతుకమ్మ రోజుల్లో, జాకెట్లు కోయగా మిగిలిన పట్టు ముక్కలతో చిన్న చిన్న సంచులు కుట్టి వాడలోని స్నేహితురాళ్ళకు ఇచ్చేది. ఈసారి ఆ వాడ స్నేహితురాళ్ళలో ఇంటికి వచ్చేవాళ్ళు లేరు. ఉన్న స్నేహితులు పక్క మంచాల వాళ్ళే.

"పండుగకు మీకు చెరొక చిన్న బొంత కుడ్త," అంది. "చెయ్యి కింద పెట్టుకునేటిది. కొసకు ఒక రెక్క ఉంటది, వేళ్ళ మీదికి మడుసుకుంటే ఎచ్చగ ఉంటది. మీ ఇంట్ల పాత మెత్తటి బట్ట ఉంటే తేండ్రి."

టెక్నీషియన్ శ్రీనివాస్ ఆ మాట విన్నాడు. "అక్కా, సూదులు గుచ్చిన జాగ నాకు కనవడాలె. నెత్తురు కారితే ఎట్ల తెలుస్తది? దాని మీద మాత్రం ఏం కప్పద్దు."

"కప్పను తమ్మీ. కింద మెత్త, వేళ్ళకు రెక్క. నడుమ ఖాళీ."

"ఉడుకు నీళ్ళల్ల ఉతికి తేవాలె మరి."

"నువ్వు చెప్పాల్నా? ఉతుకుత."

తర్వాతి సారి రజియా ఒక తెల్లటి దుపట్టా తెచ్చింది. ఆమె తల్లి నమాజు వేళ తల మీదుగా కప్పుకునేదట. ఉతికి ఉతికి పాలమీగడలా అయింది. "అమ్మీ పోయినంక పెట్టెలనే ఉంది. చినిగిపోతాంది. బొంతల పడితే నిలుస్తది గదా," అంది. సారయ్య అంగీ జేబులోంచి మడతపెట్టిన గుడ్డ తీసి ఇచ్చాడు. ఇటుక రంగు నేత చీర ముక్క, అంచు పసుపు.

"ఎవల చీరెనే గిది?" అంది వినోద.

"నీకెందుకు? కుట్టు."

"దొంగతనంగ చింపుకచ్చినవా ఏంది?"

సారయ్య నవ్వాడే గాని చెప్పలేదు. ఆ నవ్వుకు చెయ్యి కదిలి మిషన్ బీప్ బీప్‌మని మొత్తుకుంది. శ్రీనివాస్ వచ్చి ఇద్దరినీ కసిరాడు.

మిషన్ మీద కుట్టడానికి వినోదకు మనసొప్పలేదు. బొంతను చేత్తోనే కుట్టాలి. తన ఆకుపచ్చ చీర ఒకటి కోసింది. తనకూ ఒకటి కలుపుకుని, మూడు బట్టల ముక్కలూ మూడు బొంతల్లో పడేలా పంచింది. మధ్యలో నింపడానికి ఓంప్రకాశ్ మగ్గం కింద రాలిన నూలుపోగులు ఏరి ఇచ్చాడు. వాడలో బడి పిల్లలకు సెలవులిచ్చారు. పొద్దునే తంగేడు పూలకు పోయి వచ్చేవాళ్ళ కేకలు, సాయంత్రం డీజే చప్పుడు. వినోద గడపలో కూర్చుని టాకాలు వేసేది. ఎడమ చేత్తో గుడ్డను గట్టిగా పట్టుకోలేదు కాబట్టి మోకాళ్ళ మధ్య ఇరికించుకునేది. మధ్యమధ్యలో సూది ఆపి, నాలుక మీద ఒక చుక్క నీళ్ళు వేసుకునేది. ఒంట్లో నీరు చేరకుండా, రోజంతటికీ కలిపి చిన్న సీసాడు నీళ్ళే ఆమెకు లెక్క.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు సారయ్య మంచం దిగుతూ అన్నాడు. "వచ్చేసారి రాను చెల్లే. పండుగెల్లినంక వస్త."

వినోద లేచి కూర్చుంది. "వద్దన్నా. అసలే నీకు నీరు జల్ది పడ్తది."

"నీళ్ళు తక్కువ తాగుత తియ్యి."

"కిడ్నీలకు సెలవులుంటయా సారయ్యన్నా?" అంది రజియా. "మా రంజాన్ నాడు నేను రాలేదా?"

సారయ్య అంగీ చేతికి గుండీ పెట్టుకుంటూ తలుపు వైపు చూశాడు. "ఇంటికాడ ఉండకపోతే నడువది బిడ్డా. నా బొంత ఎవలకియ్యకుండ్రి. వచ్చి తీస్కుంట."

సద్దుల బతుకమ్మ నాడు కూడా వినోద దవాఖానకు పోయింది. రజియాకు ఆమె బొంత ఇచ్చింది. రజియా దాన్ని చెయ్యి కింద పరుచుకుని, రెక్క వేళ్ళ మీదికి మడుచుకుని, కళ్ళు మూసుకుంది. "అమ్మీ వాసన వస్తాంది," అంది. అది ఉడుకు నీళ్ళలో ఉతికిన బట్ట, వాసనేమీ ఉండదు. వినోద ఆ మాట అనలేదు. నడుమ మంచం ఖాళీగా ఉంది.

సాయంత్రం వాడంతా బతుకమ్మలు ఎత్తుకుని చెరువుకు పోతుంటే వినోద గడపలోనే నిలబడింది. పోవాలంటే బతుకమ్మను ఎత్తుకోవాలి, ఆ చెయ్యి ఎత్తనివ్వదు. ఒకామె ఆగి, "రావా వినోదక్కా?" అంది. వినోద తల ఊపేలోపే ముందుకు సాగిపోయింది.

దసరా అయింది. సారయ్య రాలేదు. ఆ తర్వాతి సారీ రాలేదు. శ్రీనివాస్ ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"లేడంటాంది," అన్నాడు ఫోన్ పెట్టేసి. "ఎటు పోయిండో. ఇట్లయితే కష్టం అక్కా, మూడుసార్లు తప్పిండు."

మరుసటిసారి సారయ్య మంచం మీద దుప్పటి మార్చి ఉంది. శ్రీనివాస్ వినోద దగ్గరికి వచ్చి నిలబడ్డాడు గాని సూది తీయలేదు. "అక్కా, నేనే సమజ్ గాలేదు. లేడంటే... లేడనే చెప్పిందామె. దసరా తెల్లారే పోయిండట. ఊపిరి ఆడక."

రజియా అటు తిరిగి పడుకుంది. ఆమె భుజాలు కదలడం వినోదకు కనపడుతూనే ఉంది. వినోద తన చేతిని చాపింది. సూదులు దిగాయి. మిషన్ తిరిగింది.

సారయ్య దినాల నాడు వినోద ఆ ఊరికి పోయింది. రజియాకు జ్వరం, రాలేకపోయింది. ఓంప్రకాశ్ బండి మీద తీసుకుపోయాడు. ఉతికిన బొంతను గుడ్డసంచిలో పెట్టుకుంది. ఎవరికియ్యాలో తెలియదు, ఎందుకో కూడా తెలియదు. ఆయన కోసం కుట్టింది కనుక ఆయన ఇంట్లో ఉండాలి అనుకుంది.

ఇంటి ముందు శామియానా వేశారు. కుర్చీ మీద ఫొటో. ఫొటోలో కూడా పొడుగు చేతుల అంగీయే. శామియానా కింద కూర్చున్న ఒక పెద్దాయన అడిగాడు. "ఎవలమ్మా మీరు? ఎన్నడు చూడలె."

"వరంగల్ నుంచి వచ్చినం. సారయ్యన్న, నేను ఒకటే..."

"గోదాం కాడ పనిచేసే ఆమె బాబాయీ," అంటూ ఒకామె గబగబా లోపలి నుంచి వచ్చింది. బక్కగా ఉంది, నుదురు ఖాళీగా ఉంది. "రా చెల్లే, లోపటికి రా." వినోద చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది. ఆమె మొగిలమ్మ, సారయ్య భార్య.

"నువ్వు వినోదవే గదా," అంది గొంతు తగ్గించి. "చెప్పిండు. కిటికి పక్క మంచం."

"గోదామేంది వదినా?"

మొగిలమ్మ కింద కూర్చుంది. వినోద కూడా కూర్చుంది. మొగిలమ్మ చీర కొంగును చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. ఊళ్ళో ఎవరికీ తెలియదట. కొడుకుకు కూడా నిరుటి దాకా తెలియదట. వరంగల్‌లో పత్తి గోదాం దగ్గర రోజు విడిచి రోజు కాపలా పని అని సారయ్య అందరికీ చెప్పాడు. చేతి మీది ఉబ్బు కనపడకుండా అంగీ.

"రోగమని తెలిస్తె కౌలుకు భూమి ఎవలిస్తరు చెల్లే? రేపో మాపో పోయేటోడని వేరెటోనికి ఇయ్యరా? ఆ నాలుగెకరాలే మాకు బువ్వ. అందుకని చెప్పలె."

"మరి పండుగకు ఎందుకు రాలే? నేను ఎంత చెప్పిన వినలే."

"గోదాంకు దసరా సెలవు గదా," అంది మొగిలమ్మ. "తమ్ముండ్లు, పాలోళ్ళు అందరు ఇక్కడనే ఉన్నరు. పండుగ పూట నీకు గోదాంల ఏం పనే అన్నరు. పోతె అనుమానపడ్తరని పోలె. యాటను కోసిండ్రు. అందరు తాగుతుంటె ఈనె ఒక్కడు తాగకుంటె ఎట్ల? గిలాస చేతుల పెట్టిండ్రు. నా దిక్కు చూసుకుంట తాగిండు. రాత్రికే ఆయాసం మొదలైంది. దవాఖానకు పోదామంటె, తెల్లారని అన్నడు."

బయట ఎవరో విస్తళ్ళు వేయమని కేకేశారు. వినోద సంచిలోంచి బొంత తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. "చెయ్యి కింద పెట్టుకునేటిది. అన్న కోసం కుట్టిన," అంది.

మొగిలమ్మ దాన్ని తిప్పి చూసింది. ఇటుక రంగు ముక్క మీద ఆమె వేలు ఆగింది. పసుపు అంచు వెంబడి వేలు కదిలింది.

"ఇది నా చీరె," అంది. "పెట్టెల నుంచి తీస్తె లోపటి కొస లేదు. ఎలుకలు కొరికినయనుకోని బోనుగూడ పెట్టిన." ఆమె ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, బయటికి వినపడకుండా. "అడిగితె ఇయ్యనా? దొంగ ముఖపోడు."

వినోద ఆమె వీపు మీద చెయ్యి వేసింది. కాసేపటికి మొగిలమ్మ కళ్ళు తుడుచుకుని, బొంతను మడిచి, తిరిగి వినోద సంచిలోనే పెట్టింది.

"ఇంట్ల ఉంటె ఇదేందని అడుగుతరు. ఈ రెక్కేంది, ఈ సందేంది అంటరు. నాకు మాటిమాటికి అబద్ధమాడ శాతగాదు చెల్లే, ఇన్నాళ్ళు ఆయననే ఆడిండు. పటేలుతోని కౌలు మాట ఇంక తెగలె, రోగం దాచినమని తెలిస్తె భూమి మాకియ్యడు. నీ కాడనే ఉంచు."

వినోద కాదనలేకపోయింది. శామియానా కింద అందరితో పాటు కూర్చుని ఒక ముద్ద తిన్నది. పక్కనున్న ఆమె గోదాం గురించి ఏదో అడిగితే, "మంచోడు, అందరితోని మంచిగుండేటోడు," అని మాత్రం అంది. తిరిగి వచ్చేటప్పుడు దారికి రెండు వైపులా పత్తి పగిలి ఉంది. బండి మీద ఓంప్రకాశ్ వెనక్కి తిరిగి ఏదో అడిగాడు. ఆమెకు వినపడలేదు, మళ్ళీ అడగమనలేదు.

సారయ్య మంచం రాజేశ్వర్ రావుకు ఇచ్చారు. రిటైరైన మనిషి, మాట్లాడడు, సెల్‌ఫోన్‌లో వార్తలు వింటూ పడుకుంటాడు. ఆయన చెయ్యి కూడా ఇనుప పట్టీ మీద ఆనేది. వినోద సంచిలో బొంత ఉంది. ఇద్దామని ఒకసారి చెయ్యి పెట్టింది గాని బయటికి తీయలేకపోయింది. రజియా జ్వరం నుంచి లేచింది గాని మునుపటిలా లేదు. మిషన్ మీద ఉన్నంతసేపూ నిద్రపోయేది. నిద్రలో రెక్కను గుప్పిట్లో పట్టుకునేది.

చలి ముదిరాక ఒకరోజు, మిషన్ సగంలో ఉండగా, వార్డు తలుపు దగ్గర మొగిలమ్మ కనపడింది. తలలో, చీర మీద పత్తి పోగులు అంటుకుని ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది, లోపలికి రావచ్చో లేదో తెలియక.

"వదినా!" అని వినోద పిలిచింది. శ్రీనివాస్ చూసి, ఎవరో తెలిసి, ఒక స్టూలు తెచ్చి వేశాడు.

"మార్కెట్‌కు పత్తి తెచ్చినం," అంది మొగిలమ్మ కూర్చుంటూ. "కాంటాకు టైముందన్నరు. కొడుకును బండి కాడ ఉంచి వచ్చిన." ఆమె కళ్ళు మంచాల మీద తిరిగాయి. "ఏది?"

వినోద కళ్ళతోనే చూపించింది. మొగిలమ్మ ఆ మంచాన్ని, దాని మీద కళ్ళు మూసుకున్న రాజేశ్వర్ రావును, ఆయన చేతి నుంచి మిషన్‌లోకి పోతున్న ఎర్రటి గొట్టాలను చూసింది. "గింత నెత్తురా?" అంది. "సూది గుచ్చుతరు, అయిపోతదని చెప్పేటోడు. నేను గంతే అనుకున్న."

వినోద బొంత సంగతి గుర్తొచ్చి కుడి చేత్తో సంచి దగ్గరికి లాక్కుంది. "కౌలు సంగతి తేలిందా?"

"పోయింది." మొగిలమ్మ అదేదో వేరేవాళ్ళ సంగతి అన్నట్టు చెప్పింది. "ఈ పంట అచ్చేదాంక ఉండుండ్రి, ఎండకాలం నుంచి వేరెటోనికి ఇస్తున్న అన్నడు పటేలు. మగమనిషి లేని ఇల్లని. రోగం దాచినా పోయింది, దాచకున్నా పోయేది." చేతులు చాపింది. "ఇయ్యి. ఇగ ఎవలన్న అడిగితె చెప్త. భయపడేందుకు ఏముంది?"

బొంతను ఒళ్ళో పెట్టుకుంది. తన ఎడమ చెయ్యి దాని మీద ఆనించి, రెక్కను వేళ్ళ మీదికి మడిచింది, వినోద చేతిని చూసి అచ్చం అలాగే. కొంతసేపు అలా కూర్చుంది.

"ఇక్కడ ఏం మాట్లాడేటోడు?" అని అడిగింది. "ఇంటికొస్తె పండుకునుడే. రెండేండ్ల నుంచి నాతోని ఒకటి రెండు మాటలు తప్ప నోరిప్పి మాట్లాడలె."

వినోద చెప్పడం మొదలుపెట్టింది. వానాకాలంలో బస్సు దొరక్క ట్రాక్టర్ ఎక్కి వచ్చి బురదకాళ్ళతో మంచం ఎక్కిన సంగతి, సిస్టర్‌కు పత్తికాయ తెచ్చి ఇచ్చిన సంగతి, రజియాను నవ్వించి మిషన్ మొత్తుకునేలా చేసిన సంగతి. రజియా కళ్ళు తెరిచి, "బిడ్డా అని పిలిచేటోడు నన్ను," అంది, మళ్ళీ మూసుకుంది. మొగిలమ్మ ప్రతి మాటకూ తల ఊపింది. ఒక్కోచోట, "అవునా, గట్లన్నడా?" అంది, తెలియని మనిషి గురించి వింటున్నట్టు.

కొడుకు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, కాంటా పిలిచారని. మొగిలమ్మ లేచింది. బొంతను చీర కొంగులో చుట్టి చంకన పెట్టుకుంది. రాజేశ్వర్ రావు మంచం పక్క నుంచి పోతూ ఒక్క క్షణం ఆగి, జారిపోయిన ఆయన దుప్పటిని కాళ్ళ మీదికి లాగింది. ఆయన కళ్ళు తెరిచి చూసేసరికి తలుపు దాటేసింది.

వినోదకు ఇంకా గంటన్నర ఉంది. వేళ్ళు చల్లబడుతున్నాయి. శ్రీనివాస్ వచ్చి బీపీ చూసి, "తక్కువ వస్తాంది అక్కా, మాట్లాడకు జరసేపు," అన్నాడు. ఆమె తల కిటికీ వైపు తిప్పుకుంది.